కాటా చీటీ మీద ఎవరిదో ఖాళీ బరువు

నందిగామలో ఎలక్ట్రానిక్స్ చదువుతున్న కొందరు పిల్లలు మొన్న మా ఇంటికొచ్చి, "మేడం, మీ ఉద్యోగం గురించి రాసివ్వండి, మేం చేరబోయేది కూడా ఆ లైన్లోనే" అన్నారు. సరే అన్నాను. కానీ ఎప్పుడు చేరాను, ఎప్పుడు గ్రేడు పెరిగింది, రిటైరైన రోజు ఎవరు శాలువా కప్పారు, ఇవేవీ రాయను. అవి నాకే సరిగ్గా గుర్తు లేవు, మీకేం ఉపయోగం? గుర్తున్నవి రెండు మూడు సంగతులు. వాటిల్లో ఒకటి తలుచుకుంటే ఇప్పటికీ "హమ్మయ్య" అని పైకే అనేస్తాను. ఎక్కువగా దాని గురించే రాస్తాను.

ముందే చెబుతున్నాను, ఇందులో అసెంబ్లీ లాంగ్వేజ్ ఉంటుంది. "ఇప్పుడు అదెవరు రాస్తున్నారు మేడం" అని మొహం చిట్లించకండి. రాయకపోతే పోయారు, చదవడమైనా రావాలి. మీరు ఏ భాషలో రాసినా చివరికి కింద నడిచేది అదే.

కదలని ముల్లు

డెబ్భైల చివర్లో జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంటేషన్ విభాగంలో చేరాను. ఇల్లు నందిగామలో, ఉద్యోగం అక్కడ, రోజూ బస్సులోనే రాకపోకలు. మొదటి రోజు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నన్ను చూసి, "క్యాంటీన్‌లో పనైతే అటు నుంచి ఎళ్లాలమ్మా" అని దారి చూపించాడు. "కిల్న్ కొలిమి వేడి కొలిచే పనయ్యా, దానికెటు?" అన్నాను. పాపం, గేటు మొత్తం బార్లా తెరిచాడు.

అప్పట్లో మాకొక పెద్ద సారు ఉండేవారు. క్యాబిన్ దాటి బయటికొచ్చే అలవాటు లేదు. దుమ్మంటే పడదు. దుమ్ము పడని మనిషి సిమెంటు ఫ్యాక్టరీలో ఎందుకు చేరారో ఆ భగవంతుడికే తెలియాలి. మీటరు ముల్లు ఊగకుండా ఉంటే మీటరు బాగున్నట్టే అని ఆయన నమ్మకం. ఒకరోజు కిల్న్ వేడి చూపించే ముల్లు పొద్దుట్నుంచి ఒకే అంకె మీద నిలబడింది. "చూడమ్మా, ఎంత చక్కగా నడుస్తోందో" అని నాకే చూపించారు. నాకు అనుమానం వచ్చి మీటరు తెరిచాను. లోపల దుమ్ము పట్టి ముల్లు ఇరుక్కుపోయి ఉంది. అంకె నమ్మేటట్టు ఉంటే ఎవరూ రెండోసారి చూడరని ఆ రోజే అర్థమైంది. పిచ్చి అంకె వస్తే పదిమంది పరిగెత్తుకొస్తారు. మర్యాదగా కనిపించే తప్పు అంకె దగ్గరికి ఎవరూ రారు.

ఆయన బదిలీ అయ్యాక చలపతిరావు గారు వచ్చారు. నా ఉద్యోగంలో నాకు దొరికిన ఒకే ఒక్క గురువు. కోపిష్టి. ఎవరేం చెప్పినా "చూశావా, అనుకున్నావా?" అని అడిగేవారు. అనుకున్నాను సార్ అంటే, పోయి చూసి రమ్మనేవారు. పోయి చూడటమంటే ఒక్కోసారి ఎన్నో అంతస్తుల ప్రీహీటర్ టవరు మెట్లన్నీ ఎక్కడం. ఎన్నిసార్లు మనసులో తిట్టుకున్నానో లెక్కలేదు.

ఊరూ, ఇంటి నంబరూ

ఎనభైల్లో మా ఫ్యాక్టరీకి కంప్యూటర్లు రావడం మొదలైంది. ఎనిమిది వేల ఎనభై ఆరు రకం ప్రాసెసర్లు. గది బయట చెప్పులు విప్పి లోపలికి పోవాలి, అంత భక్తి. నాకు ఆ మాన్యువల్లో డీఎస్ లాంటి సెగ్మెంట్ రిజిస్టర్లు ఎంత చదివినా ఎక్కలేదు. చలపతిరావు గారు సుద్దముక్క తీసుకుని కంట్రోల్ రూమ్ నేల మీద కూర్చున్నారు.

"నందిగామలో మీ ఇంటి నంబరెంత?"

"పద్నాలుగు సార్."

"జగ్గయ్యపేటలో పద్నాలుగో నంబరు ఇల్లు లేదా?"

"ఎందుకుండదు సార్, ఉంటుంది."

"మరి ఊరు చెప్పకుండా పద్నాలుగో నంబరు ఇంట్లో ఈ ఉత్తరం ఇచ్చిరమ్మని పోస్ట్‌మాన్‌కి చెబితే?"

"ఆయన ఏ ఊళ్లో నిలబడుంటే ఆ ఊళ్లో పద్నాలుగో ఇంటికి పోతాడు సార్."

"అంతే! డీఎస్ అంటే పోస్ట్‌మాన్ నిలబడ్డ ఊరు. నువ్వు ప్రోగ్రాంలో రాసేది ఇంటి నంబరు. ఇక మాన్యువల్ మూసెయ్."

మూసేశాను గానీ మీకు ఇంకొంచెం చెప్పాలి. ఆ ప్రాసెసర్ అంకెలు పెట్టుకునే చిన్న గడే రిజిస్టరు, దాని వెడల్పు పదహారు బిట్లే. దాంతో చేరగలిగిన మెమరీ చాలా తక్కువ, ఉన్న మెమరీ అంతకి ఎన్నో రెట్లు. అందుకని చిరునామాని రెండు ముక్కలు చేశారు. ఊరు సెగ్మెంటు, ఇంటి నంబరు ఆఫ్‌సెట్. సెగ్మెంటు విలువని పదహారుతో గుణించి ఆఫ్‌సెట్ కలిపితే అసలు చిరునామా వస్తుంది. ప్రోగ్రాం ఉండే ఊరు సీఎస్, మన అంకెలుండే ఊరు డీఎస్, ప్రోగ్రాం తాత్కాలికంగా దాచుకునే స్టాక్ ఉండేది ఎస్ఎస్, అదనంగా వాడుకోవడానికి ఈఎస్. డీఎస్‌లోకి నేరుగా ఒక అంకె పెట్టడానికి ఒప్పుకోదు. ముందు ఏఎక్స్ లాంటి మామూలు రిజిస్టర్లో పెట్టి, అక్కణ్ణుంచి డీఎస్‌లోకి మార్చాలి. సిఫార్సు లేకుండా లోపలికి రానివ్వని ఆఫీసులు అప్పుడూ ఉండేవి.

చిరునామా తెచ్చే ఆజ్ఞలు మూడున్నాయి. ఎల్ఈఏ ఇంటి నంబరు మాత్రమే తెస్తుంది. తలుపు తియ్యదు, లోపల ఎవరున్నారో చూడదు, ఊరి సంగతి అసలే ఎత్తదు. ఎల్‌డీఎస్ అలా కాదు. మెమరీలో రాసిపెట్టిన పూర్తి చిరునామా తీసుకుని, ఇంటి నంబరుని మనం చెప్పిన రిజిస్టర్లో పెట్టి, ఊరిని డీఎస్‌లో పెడుతుంది. ఎల్ఈఎస్ కూడా అదే పని చేస్తుంది, కాకపోతే ఊరిని ఈఎస్‌లో పెడుతుంది. ఎల్‌డీఎస్ వాడితే ఆ క్షణం నుంచి పోస్ట్‌మాన్ వేరే ఊళ్లో ఉన్నాడని గుర్తుంచుకోవాలి. పనయ్యాక అతన్ని మళ్లీ మన ఊరికి తీసుకురావాల్సింది మనమే. దానంతటది వెనక్కి రాదు.

తీసుకురాకపోతే ఏమవుతుంది? ప్రోగ్రాం ఆగిపోతుందని చాలామంది అనుకుంటారు. ఆగిపోతే ఎంత బాగుండేది! పక్కూళ్లో కూడా పద్నాలుగో నంబరు ఇల్లుంటుంది. తలుపు కొడితే ఎవరో ఒకరు తీస్తారు. వాళ్లిచ్చింది తీసుకుని మన పోస్ట్‌మాన్ సంతోషంగా వచ్చేస్తాడు.

కాటా గది

ఎనభైల చివర్లో లారీలు తూచే కాటాకి కూడా కంప్యూటర్ పెట్టారు. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వాళ్లొచ్చి బిగించి పోయారు. ప్రోగ్రాం వాళ్లదే, అంతా అసెంబ్లీలో రాసింది. ఖాళీ లారీ లోపలికొచ్చేటప్పుడు ఒకసారి కాటా ఎక్కి ఖాళీ బరువు చీటీ తీసుకుంటుంది, సిమెంటు బస్తాలతో బయటికెళ్లేటప్పుడు ఇంకోసారి. రెండోసారి తూచాక గుమాస్తా డ్రైవరు పేరు కొడితే అసలు చీటీ అచ్చవుతుంది. లోడు బరువు, ఖాళీ బరువు, రెంటికీ తేడా. ఆ తేడాయే సిమెంటు. పదేపదే వచ్చే లారీలకైతే ఖాళీ బరువుని గుమాస్తా చేత్తో కూడా కొట్టొచ్చు. ఆ సౌకర్యం తర్వాత ఒక మనిషి మెడకి చుట్టుకుంది.

ఆ మనిషి నరసింహారావు గారు. కాటా గుమాస్తా. వాళ్లది వేదాద్రి. నాకంటే వయసులో చాలా పెద్దాయన, అయినా నన్ను "మేడం గారూ" అనే పిలిచేవారు. నన్నే కాదు, లారీ క్లీనర్ని కూడా "ఏవండీ, కాస్త ముందుకి రానివ్వండి" అనేవారు. రెండో షిఫ్టు గుమాస్తా రామ్మోహన్ కుర్రాడు, చురుకైనవాడు. "ఆయన ఒక్క లారీకి దణ్ణం పెట్టేలోపు నేను రెండు లారీలు పంపిస్తా మేడం" అని ఎగతాళి చేసేవాడు.

ఒక గురువారం మధ్యాహ్నం వెంకటేశ్వర్లనే డ్రైవరు సిమెంటు లోడుతో సహా వెనక్కి వచ్చేశాడు. కోదాడ వైపు మనిషి. కాటా ముందు లారీ అడ్డంగా ఆపి పెద్దగా అరవడం మొదలుపెట్టాడు.

"ఏంది సారూ గిది? పొద్దుగాల్నుంచి గరికపాడు కాడ సేల్స్‌టాక్సోళ్లు నిలబెట్టిండ్రు నన్ను. చీటీల సిమెంటు ఒకటుంది, ఆడ బస్తాలు లెక్కబెడితే ఇంకోటొచ్చింది. దొంగ సిమెంటు తోలుతున్నవా అని అడుగుతుండ్రు. నేను దొంగనా?"

మేనేజరు గారికి కబురు వెళ్లింది. ఆయన చెడ్డవారు కాదు గానీ, హెడ్డాఫీసంటే ప్రాణభయం. వెంటనే కొన్నాళ్ల చీటీలు తెప్పించి, లారీ లోపలికొచ్చినప్పటి చీటీ, బయటికెళ్లినప్పటి చీటీ పక్కపక్కన పెట్టించారు. కొన్ని లారీలకి మధ్యలో ఖాళీ బరువు మారిపోయింది. మారినవన్నీ నరసింహారావు గారి షిఫ్టులోవే. రామ్మోహన్ షిఫ్టులో ఒక్కటి కూడా లేదు.

"ఇంకేం కావాలి? ఖాళీ బరువు చేత్తో మారుస్తున్నాడు. డ్రైవర్లతో కుమ్మక్కయ్యాడు. సోమవారం పొద్దున్నే పోలీసు కంప్లయింటు ఇస్తున్నా" అన్నారు మేనేజరు గారు.

ఆ సాయంత్రం నుంచే నరసింహారావు గారి పక్కన ఒక సెక్యూరిటీ మనిషిని కూర్చోబెట్టారు, ఆయన చేతులు చూస్తూ ఉండటానికి. ఇంటికెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆయన క్యారియర్ గిన్నెలు విప్పి చూశారు. సిమెంటు బస్తాలు టిఫిను క్యారియర్‌లో పడతాయా? నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన మాత్రం తనే మూతలు తీసి చూపించి, "చూసుకోండి బాబూ" అని నిలబడ్డారు.

అనుమానానికి అన్నీ సాక్ష్యాలే

శుక్రవారం పొద్దున చలపతిరావు గారూ నేనూ ఆ చీటీలు అడిగి తెచ్చుకున్నాం. చూస్తే విచిత్రం. కొన్నిట్లో లెక్క కంటే ఎక్కువ సిమెంటు పోయినట్టుంది, కొన్నిట్లో తక్కువ. అంటే సగం సార్లు నష్టం లారీవాడికే. నేను ఆ ముక్క మేనేజరు గారికి చెప్పాను. దొంగ తనకి నష్టమొచ్చేలా ఎందుకు దొంగతనం చేస్తాడు సార్ అని అడిగాను.

"అనుమానం రాకుండా అలా చేస్తాడమ్మా. నీకు తెలియదు" అన్నారు.

చూశారా! లాభమొచ్చే చీటీ దొంగతనానికి సాక్ష్యం, నష్టమొచ్చే చీటీ తెలివైన దొంగతనానికి సాక్ష్యం. ఒకసారి అనుమానం పట్టుకున్న మనిషితో వాదించి గెలవలేం. ఇది నా ఉద్యోగం మొత్తంలో కనీసం పది చోట్ల చూశాను. వాదన మానేసి, కళ్ల ముందు చేసి చూపించాలి. అదొక్కటే మందు.

కంపెనీ వాళ్లకి ట్రంకాల్ బుక్ చేశాం. చాలాసేపటికి లైను కలిసింది. అవతల ఇంజనీరు, "మా ప్రోగ్రాం ఎన్నో చోట్ల నడుస్తోంది మేడం, ఎక్కడా ప్రాబ్లం లేదు. మీ ఆపరేటర్ని చూసుకోండి" అని పెట్టేశాడు. ఫోను మీద నాలుగు తిట్లు తిట్టాను. అప్పటికి అది పెట్టేసి ఉంది కాబట్టి సరిపోయింది.

ఇద్దరం కాటా గదికి పోయాం. లోడు లారీ ఒకటి కాటా మీద ఉంది, డ్రైవరు మళ్లీ మన వెంకటేశ్వర్లే. "ప్రోగ్రాం రెండో తూకం ఎన్నిసార్లయినా చెయ్యనిస్తుంది, నువ్వు చెయ్" అన్నారు చలపతిరావు గారు. నేను కూర్చుని పేరు దగ్గర టెస్ట్ అని కొట్టాను. చీటీ సరిగ్గా వచ్చింది. మళ్లీ చేశాను. మళ్లీ సరిగ్గానే వచ్చింది. లారీ అంగుళం కూడా కదల్లేదు.

"నరసింహారావు గారూ, ఇప్పుడు మీరు చెయ్యండి" అన్నాను.

ఆయన కూర్చున్నారు. పక్కన సెక్యూరిటీ మనిషి ఆయన వేళ్ల మీదకి వంగి చూస్తున్నాడు. చీటీ వచ్చింది. ఖాళీ బరువు మారిపోయింది.

నేను చీటీ లాక్కుని రెండుసార్లు చదివాను. చలపతిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. నరసింహారావు గారు తన రెండు చేతులూ తిప్పి చూసుకుని, "నా చేతులే గదండీ" అన్నారు మెల్లగా. "నాకు తెలీకుండా ఏదన్నా నొక్కుతున్నానేమోనండీ. పెద్దవాణ్ణయ్యా. ఏమో."

"అలా అనకండి. మళ్లీ చెయ్యండి, ఈసారి మెల్లగా చెయ్యండి, నేను చూస్తా" అన్నాను.

ఒక్కో ఇంగ్లీషు అక్షరమే వెతుక్కుంటూ కొట్టారు. వెంకటేశ్వర్లు. అక్కడ ఆపుతారనుకున్నాను. ఆపలేదు. ఒక ఖాళీ వదిలి, గారు అని కొట్టారు.

"ఇదేంటండీ, డ్రైవరుకి గారు ఎందుకు?"

ఆయనకి నా ప్రశ్నే అర్థం కానట్టు చూశారు. "పేరు రాసి గారు పెట్టకపోతే చెయ్యి రాదండీ. రోడ్డు మీద వాళ్లని ఏరా ఒరే అనేవాళ్లే గానీ అండీ అనేవాళ్లెవరు చెప్పండి. మన కాయితం మీదన్నా గారు ఉండనీయండి. మనకి పోయేదేముంది మేడం గారూ, నాలుగు మీటలేగా."

"అందరికీ పెడతారా?"

"అందరికీనండీ."

బయట లారీ తలుపు దగ్గర నిలబడ్డ వెంకటేశ్వర్లుకి ఇదంతా వినబడింది. "ఆ సారు ఒక్కడే పెడ్తడు మేడం. ఆ ఇంకో పిల్లగాడు వెంకట్ అని కొట్టి పారేస్తడు" అన్నాడు.

నేను చలపతిరావు గారి వైపు చూశాను. ఆయన అప్పటికే కళ్లజోడు పెట్టుకుని లేచారు. "పేరు పొడుగు! ఫ్లాపీ కాపీ చేసుకో. పద."

డీఎస్ తిరిగి రాలేదు

మా విభాగంలో ఉన్న ఇంకో కంప్యూటర్లో ఆ ప్రోగ్రాం వేసి, కాటా తూకం బదులు ఉత్తుత్తి అంకె పెట్టాం. డీబగ్ అని ఒక సాధనం ఉండేది. దాంతో ప్రోగ్రాంని ఒక్కో ఆజ్ఞ చొప్పున నడిపించొచ్చు. ప్రతి అడుగుకీ అన్ని రిజిస్టర్ల విలువలూ తెర మీద ఒక వరసలో వస్తాయి. మీకు ఇప్పుడు రంగురంగుల కిటికీలున్నాయి. మాకు ఆ వరసే దిక్కు. కానీ దాంట్లో కనపడనిది లేదు.

ముందు పొట్టి పేరుతో నడిపాం. డ్రైవరు పేరుండేది ఆ లారీ రికార్డులో. ఒక్కో లారీ రికార్డుకీ ఒక్కో సెగ్మెంటు. పేరుని అక్కణ్ణుంచి ప్రింటరుకి పంపే చోటికి నకలు చెయ్యాలి. రాసినవాడు తెలివిగానే మొదలుపెట్టాడు. ముందు డీఎస్ విలువని డీఎక్స్ అనే రిజిస్టర్లో దాచాడు. తర్వాత ఎల్‌డీఎస్‌తో లారీ రికార్డు చిరునామా తెచ్చుకున్నాడు. తెర మీద డీఎస్ మారింది. పోస్ట్‌మాన్ పక్కూరికి పోయాడన్నమాట. పేరు ఒక్కో అక్షరం నకలు అయింది. చివర్లో డీఎక్స్‌లో దాచింది మళ్లీ డీఎస్‌లోకి వచ్చింది. తర్వాత ఖాళీ బరువు తీసుకున్నాడు. సరిగ్గా ఉంది.

ఇప్పుడు వెంకటేశ్వర్లు గారు అని కొట్టాను. చీటీ మీద ఒక వరసలో పదహారు అక్షరాలే పడతాయి. పేరు అంతకంటే పొడుగైతే రెండో వరసలోకి మడిచే దారి వేరే ఉంది. ఎల్‌డీఎస్ దాకా అంతా పాతదే. డీఎస్ మారింది. అక్షరాలు వెళుతున్నాయి. మీట నొక్కుతూ డీఎస్ అంకె మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. పేరు మడతపడింది. రెండో వరస అయిపోయింది. ఒక గెంతు ఆజ్ఞ వచ్చింది. గెంతి ఎక్కడికి పోయింది? డీఎస్‌ని వెనక్కి తెచ్చే ఆజ్ఞ ఉందే, సరిగ్గా దాన్ని దాటేసి, దాని తర్వాతి చోటికి పోయింది.

"సార్, డీఎస్ తిరిగి రాలేదు!" అని కేక పెట్టాను.

ఆ తర్వాతి ఆజ్ఞ ఖాళీ బరువు తీసుకోవడం. ఇంటి నంబరు మనదే, ఊరు మాత్రం మనది కాదు. అక్కడ ఆ నంబరు దగ్గర ఏముందో చూశాం. మెమరీలో వరసగా పేర్చిన రికార్డుల్లో, ఇంకెప్పుడో వచ్చిపోయిన వేరే లారీ ఖాళీ బరువు! అందుకే ఎవరికీ అది మెషీను తప్పులా కనపడలేదు. ఏ పిచ్చి అంకో వచ్చి ఉంటే మొదటి రోజే కంపెనీవాణ్ణి పిలిచేవాళ్లు. ఇది అచ్చం లారీ బరువులాగే ఉంది, ఎందుకంటే అది లారీ బరువే. కొత్త లారీ కాటా ఎక్కగానే ప్రోగ్రాం మొదట్లో డీఎస్‌ని మళ్లీ సరిగ్గా పెట్టుకునేది, దాంతో జాడ కూడా మిగిలేది కాదు.

రాసినవాడు ఏ రమేశో, ఏ కుమారో కొట్టి పరీక్ష చేసి ఉంటాడు. పొడుగు పేరు దారిలోకి ఎప్పుడూ పోయి ఉండడు. వాణ్ణి నేను పెద్దగా తప్పుపట్టను. రాసిన ప్రతివాడికీ ఎక్కడో ఒక దారి మిగిలిపోతుంది. కానీ చూడకుండా "మీ ఆపరేటర్ని చూసుకోండి" అన్నాడే, దానికి మాత్రం ఈ రోజుకీ క్షమించలేదు. మీలో ఎవరికైనా ఆ మాట నోటిదాకా వస్తే, దయచేసి మింగేయండి.

దిద్దడానికి పట్టిన శ్రమ ఏమీ లేదు. డీఎస్‌ని వెనక్కి తెచ్చే ఆజ్ఞ రెండు బైట్లు. గెంతే చోటుని రెండు బైట్లు వెనక్కి జరిపితే చాలు, పొడుగు పేరు కూడా ఆ ఆజ్ఞ మీదుగానే పోతుంది. మారేది ఒకే ఒక్క బైటు. నేను మార్చబోతుంటే చలపతిరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఇప్పుడే మార్చకు. ముందు చూడాల్సినవాళ్లు చూడాలి."

మేనేజరు గారి పూర్తి పేరు

శనివారం పొద్దున మేనేజరు గారిని కాటా గదికి తీసుకొచ్చాం. కాటా మీద లోడు లారీ. నరసింహారావు గారిని లోపలికి రానివ్వలేదు, బయట రేకుల షెడ్డు కింద బల్ల మీద కూర్చోమన్నారు.

"సార్, మీరే కూర్చోండి. డ్రైవరు పేరు దగ్గర మీ పేరు కొట్టండి. పూర్తి పేరు" అన్నారు చలపతిరావు గారు.

మేనేజరు గారిది వెంకట శేషగిరిరావు. ఇష్టం లేకుండానే కూర్చుని, రెండు వేళ్లతో కొట్టారు. ప్రింటరు గరగరమని చీటీ బయటికి తోసింది. చలపతిరావు గారు దాన్ని చింపి, లోపలికొచ్చినప్పటి చీటీ పక్కన పెట్టి చూపించారు.

"ఖాళీ బరువు మారింది సార్. మీరు మార్చారా?"

మేనేజరు గారి మొహం చూడాలి. "నేనేం మార్చానయ్యా! పేరు తప్ప ఏం కొట్టలా. మీరంతా ఇక్కడే ఉన్నారుగా!"

"చూశాం సార్. మీరు మార్చలేదు. ఆయనా మార్చలేదు."

నవ్వు ఆపుకోవడానికి నేను కిటికీ వైపు తిరిగాను. మేనేజరు గారు ఇంకో రెండుసార్లు కొట్టి చూశారు. పొట్టిగా కొడితే సరిగ్గా, పూర్తిగా కొడితే తప్పుగా. వచ్చిన చీటీలన్నీ బల్ల మీద వరసగా పేర్చారు. తర్వాత, "అయితే ఆ గారు కొట్టడం మానెయ్యమనండి, సరిపోతుంది" అన్నారు.

"మీ పేరు కూడా కుదించుకోవాల్సొస్తుంది సార్" అన్నాను నేను. అనకూడదేమో, అనేశాను. చలపతిరావు గారు దగ్గు నటించారు. మేనేజరు గారు నా వైపు ఒక చూపు చూసి, "సరే, బాగుచెయ్యండి. కంప్లయింటు ఇవ్వడం లేదు" అని లేచారు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, "ఆ సెక్యూరిటీ మనిషిని గేటుకి పొమ్మనండి" అన్నారు. క్షమాపణ అనే మాట ఆయన నోట రాలేదు. రాదని తెలుసు. అది చాలనుకున్నాను.

ఆ ఒక్క బైటు మార్చి ఫ్లాపీ పెట్టాను. మేనేజరు గారి పూర్తి పేరే మళ్లీ కొట్టాను. చీటీ సరిగ్గా వచ్చింది. అప్పుడు అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. హమ్మయ్య అంటే ఏమిటో ఆ రోజు ఒళ్లంతా తెలిసింది.

పిల్లలూ, ఉద్యోగంలో మీరు పెద్ద పెద్ద పనులు చేస్తారు, చెయ్యండి. కానీ మీరు రాసిన దాని అవతలి కొసన ఎవరో ఒకరు కూర్చుని మీటలు నొక్కుతుంటారు. అంకె తప్పయితే అందరూ ముందు ఆ మనిషి చేతుల వంకే చూస్తారు. కాబట్టి మీరు ముందు మీ రిజిస్టర్ల వంక చూడండి. నేను చెప్పదలుచుకున్న సలహా ఇంతే.

బయటికొచ్చాను. షెడ్డు కింద నరసింహారావు గారు బల్ల చివర కూర్చుని ఉన్నారు, లోపల ఏం తేలిందో ఇంకా ఎవరూ చెప్పలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డారు. ఎంత వద్దన్నా కూర్చోలేదు. సెగ్మెంట్లూ ఆఫ్‌సెట్లూ ఏం చెప్పను? "ప్రోగ్రాం తప్పండీ. పేరు పొడుగైతే అది వేరే లారీ బరువు తెచ్చి వేస్తోంది. బాగుచేశాం. కంప్లయింటు లేదు, ఏమీ లేదు" అన్నాను.

"నా గారు వల్లేనాండీ? అయితే రేపట్నుంచి మానేస్తా."

"మీరేం మానక్కర్లేదు. నిక్షేపంగా కొట్టుకోండి."

ఆయన తల ఊపారు గానీ, ఆ మాట వింటున్నట్టు లేదు. ఇంకేదో అడగాలని, అడగలేక అవస్థ పడుతున్నారు. చివరికి గొంతు తగ్గించి అడిగారు.

"అయితే మేడం గారూ, నేను చెయ్యలేదన్నమాట."

రెండు రోజులుగా ఆ మనిషి తనని తానే దొంగేమో అని చూసుకుంటున్నాడని నాకు అప్పుడు అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు.

"మీరు చెయ్యలేదండీ" అన్నాను.

"ఇంకోసారి అనండి మేడం గారూ."

అన్నాను.